తీరము దాటిన గాలివాన

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో తుపాను అనిన సముద్రతీరవాసుల కష్టముగా నెంచుట వాడుక. బందరు, దివిసీమ, కోనసీమ, విశాఖపట్టణము అను పేరులతోడనే ఆ మాట మన మనస్సులలో ముడివడి యున్నది. నంద్యాలనుండి తిన్నగా తూర్పునకు పోయినచో నల్లమల దాటి, మార్కాపురపు సీమ దాటి, ఒంగోలుచెంత సముద్రము చేరుటకు 180 కిలోమీటర్లకు పైబడిన దూరము కలదు. ఇంత నేలయు, నడుమ ఇన్ని కొండలును ఉండగా సముద్రము మనల నేమి చేయగలదను ధీమా సహజమే. కాని ఆ ధీమా చరిత్రకు నిలుచునది కాదు. గాలివాన తీరమున పుట్టదు, తీరమున చావదు. అది సముద్రమున పుట్టి, తీరమున గాలిని, ఉప్పెనను విడిచి, తన నీటిమూటను లోనాటికి మోసికొని వచ్చి దించును. మనకు వచ్చునది ఆ నీటిమూటయే. దానిని మనము తుపానని పిలువము. ముసురనియో, కుందూ పొంగినదనియో చెప్పుకొని, నీరు తీసిన పిమ్మట మఱచిపోవుదుము.

"వాన రాకడ, ప్రాణము పోకడ యెవరికెఱుక" అను సామెత మన యిండ్లలో తఱచు వినబడుచుండును. ఈ సామెతలోని రెండు భాగములును ఒక్కటిగా నిజమనియే మన పెద్దలు నమ్మిరి. గడచిన రెండువందల యేండ్ల గాలివానల చరిత్రను తిరుగవేసి చూచినచో, మొదటి భాగము క్రమముగా అబద్ధమగుచు వచ్చినదనియు, అది అబద్ధమైన మేరకు రెండవ భాగమును మనుష్యుని చేతిలోనికి వచ్చినదనియు తేటపడును. ఆ చరిత్రను సముద్రమునుండి కుందూలోయ దాక చెప్పుట ఈ వ్యాసోద్దేశము.

మొదట గాలివాన యనగా నేమో మనుష్యులకు తెలిసిన విధమును చెప్పవలెను. అట్లాంటికు సముద్రపు పడమటి దీవులలోని ప్రాచీన జనులు పెనుగాలిని హురకాన్ అనిరి. ఆ మాటనే స్పెయినువారు గ్రహింపగా, ఆంగ్లేయుల నోట హరికేన్ అయ్యెను. 1780 అక్టోబరులో బార్బడోస్, మార్టినిక్ మొదలగు దీవులపై పడిన హరికేన్ ఇరువది వేలమందికి పైగా పొట్టన బెట్టుకొనెను. అయినను నాటివారికి అది దైవాగ్రహముగా తోచెనే గాని, దానికొక ఆకృతి కలదని తోచలేదు. 1821 సెప్టెంబరులో అమెరికాలోని కనెక్టికట్ సీమపై ఒక హరికేన్ సాగిపోయెను. పిమ్మట విలియం రెడ్‌ఫీల్డు అను నతడు ఆ సీమలో ప్రయాణము చేయుచు, పడిన చెట్లను పరికించెను. ఒకచోట చెట్లన్నియు ఒక దిక్కునకు తలవంచి పడియుండగా, కొంత దూరము పోయినపిమ్మట అవి దానికెదురు దిక్కునకు పడియుండుట కనబడెను. పెనుగాలి తిన్నగా వీచునది కాదు, బ్రహ్మాండమైన సుడియై తిరుగుచు నడచునది అని అతడు 1831లో ప్రకటించెను. చెట్లు పడిన తీరును ఎందఱో చూచియుందురు. లెక్క వ్రాసికొనినవాడు అతడొక్కడు.

ఆ దారిలోనే విలియం రీడ్ అను సైనికోద్యోగి బార్బడోస్ గాలివానలను విచారించి 1838లో ఒక గొప్ప గ్రంథమును వెలువరించెను. అది కలకత్తాకు చేరి హెన్రీ పిడింగ్టన్ అను నొక నావికుని చేతబడెను. పిడింగ్టన్ బంగాళాఖాతపు ఓడల దినచర్యలను సేకరించి, ఏ ఓడకు ఏ ఘడియలో ఏ దిక్కునుండి గాలి కొట్టెనో పటముపై గుర్తించి, గాలివానల దారులను గీచెను. చుట్టచుట్టుకొనిన పామును తలపించు గ్రీకు మాటనుండి సైక్లోన్ అను పేరును కల్పించి 1848 నాటి తన గ్రంథమున దానిని ప్రచారమునకు తెచ్చెను. నేడు లోకమంతయు పలుకు ఆ మాట మన బంగాళాఖాతపు ఒడ్డున పుట్టినది. మన తెలుగు రేవైన కోరంగిపై 1789 డిసెంబరులో విరుచుకొనిపడిన ఉప్పెన వృత్తాంతమును గూడ అతడు తన గ్రంథములలో కెక్కించెను. మూడు పెనుకెరటములు ఒకదాని వెనుక నొకటి వచ్చి ఆ రేవును ముంచెనట. మరల 1839 నవంబరులో అదే కోరంగిపై మఱియొక ఉప్పెన వచ్చి, ఓడలు కట్టు ఆ పట్టణపు వైభవమును తుడిచిపెట్టెను. ఆ దినమున చచ్చినవారి సంఖ్యను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున చెప్పుదురు. మూడు లక్షలని చెప్పువారును కలరు. నమ్మదగిన లెక్క లేదు. లెక్క లేకుండుటయే ఆ కాలపు దుస్థితికి సాక్ష్యము. చచ్చినవారు కూలీలు, పల్లెకారులు, రైతులు. వారిని లెక్కించు అవసరము ఎవరికిని కలుగలేదు.

పిడింగ్టన్ జీవితమున మఱియొక ఘట్టము మనకు ముఖ్యమైనది. కలకత్తాకు దిగువను మాతలా నదిపై క్రొత్త రేవును కట్టదలచినప్పుడు, అచ్చటి అడవిని నఱికి పట్టణము లేపినచో ఒకనాడు గాలివాన వచ్చి సముద్రపు నీటితో దానిని ముంచివేయునని అతడు 1853లో గవర్నరు జనరలగు డల్హౌసీకి బహిరంగ లేఖ వ్రాసెను. వినినవారు లేరు. పోర్ట్ కానింగ్ అను పేర ఆ పట్టణము వెలసెను. 1858లో పిడింగ్టన్ మరణించెను. 1867లో గాలివాన వచ్చెను. ఆ రేవు పాడువడెను. నీరు నడచు దారిలో ఇల్లు కట్టి, పిమ్మట నీటిని నిందించుట క్రొత్త విషయము కాదని ఈ కథ తెలుపుచున్నది.

ఇక 1864వ సంవత్సరమునకు వత్తము. మన లెక్కకు అది రక్తాక్షి. ఆ పేరునకు తగినట్లే ఆ యేటి శరదృతువు బంగాళాఖాతపు తీరములకు రెండు మారులు మృత్యువై వచ్చెను. దసరా దినములలో, అక్టోబరు 5వ తేదీని, కలకత్తాపై గాలివాన విరిగిపడెను. హుగ్లీనదిలో ఉప్పెన యెగద్రోసికొని వచ్చి ఓడలను ఒడ్డున కెత్తివైచెను. సుమారు 60 వేలమంది మరణించిరి. వంగదేశమున నేటికిని దానిని ఆశ్వయుజపు గాలివాన యని చెప్పుకొందురు. ఆ దుఃఖము తీరకమునుపే, నెల తిరుగకమునుపే, నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై రెండవది పడెను. అప్పటికి దీపావళి అమావాస్య గడచి రెండు దినములు. అమావాస్యా పూర్ణిమలయందు సముద్రము సహజముగానే పోటెత్తి యుండును. ఆ పోటుపై గాలి త్రోసిన నీరు చేరగా, సాధారణపు పోటుకన్న 13 అడుగుల ఎత్తున ఉప్పెన బందరులో జొచ్చెను. కోటయు, పేటలును, చుట్టుపట్ల పల్లెలును చీకటిలో మునిగెను. సుమారు 30 వేలమంది ఆ రాత్రి గతించిరి. డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు పోటీపడి వర్తకము చేసిన ఆ మహాపట్టణము ఆ దెబ్బనుండి తిరిగి పూర్వపు దశకు రాలేదు.

ఒక్క ఋతువులో రెండు ఉప్పెనలు, సుమారు 90 వేల ప్రాణములు. ఇంత జరిగిన పిమ్మట గూడ ఇది విధివిలాసమని యూరకుండుట సాధ్యము కాకపోయెను. కలకత్తా గాలివాననుగూర్చి గాస్ట్రెల్, బ్లాన్‌ఫర్డు అను నిరువురు గంటగంటకు గాలి, వాయుపీడనము, నీటిమట్టము ఎట్లు మాఱెనో విచారించి నివేదికను సిద్ధపఱచిరి. 1865లోనే కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు పంపు ఏర్పాటు జరిగెను. 1866, 1871 సంవత్సరములలో వానలు తప్పి క్షామములు గూడ కలిగెను. అప్పుడు ప్రభుత్వమువారు 1875లో దేశమంతటికి ఒక వాతావరణశాఖను నెలకొల్పి, ఆ బ్లాన్‌ఫర్డునే దానికి తొలి అధిపతిగా నియమించిరి. నేడు మనము దినదినము వినుచున్న వాతావరణ సూచనలకు మూలము ఆ రక్తాక్షి సంవత్సరపు శవరాసులలో కలదని చెప్పిన అతిశయోక్తి కాదు.

కాని ఇచ్చట నొక మాట దాచరాదు. ఆ హెచ్చరికలు మొదట ఎవరికొఱకు? రేవులలోని ఓడలకొఱకు. సరకు మునుగరాదు, ఓడ విరుగరాదు. ఇది వర్తకుని చింత. రేవుకంబముపై ఎగురు గుర్తు ఓడవానికి అర్థమగును గాని, పది మైళ్ళ దూరమున ఉప్పునేలలో గుడిసె వేసికొనిన పల్లెకారునకు దాని జాడయైనను తెలియదు. జ్ఞానము పుట్టినంతమాత్రమున అందఱికిని అందదు. దానిని మోసికొని పోవువారు కావలెను.

ఈ లోపము ఎంత భయంకరమైనదో 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ తెలియజేసెను. అప్పటికి రేడియోలు కలవు, ఉపగ్రహచిత్రములు కలవు, హెచ్చరికలును వెలువడెను. అయినను పల్లెపల్లెకు మాట చేరలేదు. చేరినచోట పోవుటకు తావు లేదు. గట్టి మేడ యేది? ఎత్తైన దిబ్బ యేది? సముద్రము లేచి నేలపై పరుగెత్తి వచ్చెను. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలు కొట్టుకొనిపోయెను. ప్రభుత్వపు లెక్కకే సుమారు పదివేలమంది మరణించిరి. కోరంగి నాటికిని దివిసీమ నాటికిని నడుమ 138 ఏండ్లు గడచెను. విజ్ఞానము బహుదూరము నడచెను. పల్లెకారుని చావు మాత్రము ఉన్నచోటనే యుండెను.

దివిసీమ తరువాత మాత్రము మార్పు వచ్చెను. తీరము పొడవున తుపాను ఆశ్రయములు కట్టబడెను. దారులు వేయబడెను. ఏ పల్లెవారు ఏ భవనమునకు పోవలెనో, ఎవరు తీసికొనిపోవలెనో ముందుగనే నిర్ణయించు పద్ధతి యేర్పడెను. 1990 మే 9వ తేదీని కృష్ణానదీముఖముచెంత మఱియొక గాలివాన తీరము దాటెను. బలమున అది దివిసీమ గాలివానకు తీసిపోవునది కాదు. అప్పుడు లక్షన్నరకు పైగా జనులను ముందుగనే తరలించిరి. మరణించినవారు 967 మంది. ఆ ప్రాణములు తక్కువవని మా భావము కాదు. కాని పదివేలు ఒక వేయికి దిగివచ్చుట గ్రహచారము మాఱుటవలన జరిగినది కాదు. సముద్రము మాఱలేదు, గాలి మాఱలేదు, దేవుడును మాఱలేదు. మనుష్యుల ప్రవర్తన మాఱినది. కర్మఫలమని చెప్పువారు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసికొని సమాధానము చెప్పవలసియున్నది.

తీరపు కథ యిట్టిది. ఇక తీరము దాటి లోనికి వత్తము. గాలివానకు ఆహారము వెచ్చని సముద్రజలము. ఆ నీరు ఆవిరియై పైకెగసి, చల్లబడి, మేఘమై, తన వేడిమిని విడుచును. ఆ వేడిమియే సుడిని త్రిప్పు బలము. నేలమీదికి వచ్చినతోడనే ఆ యాహారము తఱిగిపోవును, గాలి తగ్గును. కాని అంతవఱకు పీల్చికొనిన నీటిని అది ఎచ్చటనో విడువవలసినదే. అట్లు క్షీణించుచు వచ్చు సుడి నల్లమలను తాకినప్పుడు మేఘములు కొండకెక్కి చల్లబడి కుంభవృష్టిగా కురియును. నల్లమలకు పడమటనున్న వాగులన్నియు కుందూలోనికే దిగవలెను.

కుందూనది ఓర్వకల్లు వైపున ఎఱ్ఱమల కొండలలో పుట్టి, పడమట ఎఱ్ఱమల, తూర్పున నల్లమల రెండు గోడలై నిలువగా, నడుమ దక్షిణముగా పాఱి, కడపజిల్లాలో కమలాపురముచెంత పెన్నలో కలియును. సంస్కృతాభిమానులు దీనిని కుముద్వతి యందురు. పేరు సుకుమారమైనదే; వేసవిలో దాని రూపమును అట్టిదే. నంద్యాలకడ మద్దిలేరు దానిలో కూడును. ఆళ్ళగడ్డ ప్రాంతపు నీటిని వక్కిలేరు తెచ్చి కలుపును. లోయ అంతయు నల్లరేగడి. రేగడి నేల నీటిని పట్టియుంచును గాని త్వరగా లోనికి దించదు. వాలు తక్కువ గనుక నీరు త్వరగా పోదు. అందుచేత కొండమీద ఒక్క రాత్రి కురిసిన వాన లోయలో మూడు దినములు నిలుచును. ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు. మనుష్యుడు తెలిసికొని నడచుకొనవలసిన ఏర్పాటు.

ఇచ్చట న్యాయముగా మఱియొక ప్రక్కను గూడ చెప్పవలెను. గాలివాన మనకు శత్రువు మాత్రమే కాదు. నైరృతి వానలు అరకొఱగా పోయిన యేట, ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమున వాయుగుండము కట్టినదని వినినచో రాయలసీమ రైతు ఆకాశమువంక ఆశతో చూచును. చెఱువు నిండి మరవ పాఱుట, శనగ విత్తుటకు పదును దొరకుట తఱచుగా ఆ గుండముల దయయే. తీరమున తల్లి యేది రాకూడదని మ్రొక్కుకొనునో, దానినే లోనాటి రైతు రావలెనని మ్రొక్కుకొనును. ఒక్క గాలివాన ఒకచోట ఉప్పెన, ఒకచోట పంట. 1876 మొదలు 1878 వఱకు జరిగిన మహాక్షామమున కర్నూలు, బళ్ళారి సీమలు ఎంత తల్లడిల్లెనో తలచుకొనినచో, వాన వద్దని చెప్పు సాహసము మనలో నెవ్వరికిని ఉండదు. 1864లో బందరు మునిగిన కాలముననే మద్రాసు ఇరిగేషను కంపెనీవారు సుంకేసులనుండి కర్నూలు–కడప కాలువను త్రవ్వించుచుండిరి. అచ్చట నీరు ఎక్కువై చావు. ఇచ్చట నీరు లేదను భయము. రెండును ఒక్క సముద్రపు లెక్కలోనివే.

కాని ఆ దయ హద్దు మీఱిన యేండ్లును కలవు. 2007 జూనులో బంగాళాఖాతమున తీవ్రవాయుగుండము ఒకటి యేర్పడి 22వ తేదీని కాకినాడచెంత తీరము దాటెను. తీరమున గాలి గొప్పగా వీచలేదు గనుక లోకము దానిని లక్ష్యపెట్టలేదు. అది నేలమీదుగా పడమటికి సాగుచు కుంభవృష్టి కురిసెను. ఆంధ్రదేశమున సుమారు 140 మంది మరణించిరి. అందు కర్నూలుజిల్లా మిక్కిలి దెబ్బతినెను. నంద్యాల, ఆళ్ళగడ్డ అప్పుడు ఆ జిల్లాలోనివే. 2022 ఏప్రిలులో గదా నంద్యాల ప్రత్యేకజిల్లా యైనది. ఆ సుడి ద్వీపకల్పమును దాటి అరేబియా సముద్రమున దిగి, మరల వెచ్చని నీరు త్రాగి బలిసి, 26వ తేదీని పాకిస్తానులోని బలూచిస్తాను తీరముపై తుపానై పడెను. దానికి యేమిన్ అను పేరు అటుపిమ్మటనే వచ్చెను. మన మీదుగా పోవునప్పుడు దానికి పేరే లేదు!

2009 అక్టోబరు తొలిదినములలో బంగాళాఖాతమున పుట్టినది తుపాను మెట్టు నెక్కని అల్పపీడనమే. కాని దాని వానలకు తుంగభద్ర, హంద్రి, కృష్ణ ఒక్కమాఱు పొంగెను. మంత్రాలయము మునిగెను, అక్టోబరు 2వ తేదీని కర్నూలు పట్టణము మునిగెను. ఇప్పటి నంద్యాలజిల్లాలోనే యున్న శ్రీశైలము ఆనకట్టకు 25 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు సెకనుకు వచ్చిపడెను. ఆ కట్టడము తట్టుకొనునని లెక్కగట్టిన వరద సుమారు 19 లక్షలు. కట్ట నిలిచెను గనుక మనము నేడు దానినిగూర్చి తీరికగా మాటలాడుకొనుచున్నాము. 2019 సెప్టెంబరు మూడవ వారమున నల్లమల వాగులు విరిగివచ్చి మహానంది ఆలయమున నీరు నిండెను. కోనేరు ఏదో, ప్రాకారము ఏదో తెలియరాకపోయెను. కుందూ ఒడ్లు దాటి నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల పొలములలో నిలిచెను. అప్పుడును పేరుగల తుపాను ఏదియు మన తీరము దాటలేదు.

పేరునుగూర్చి ఇంతగా చెప్పుటకు కారణము కలదు. అట్లాంటికు గాలివానలకు 1950 మొదలు వరుసగా పేరులు పెట్టుట ఆరంభమయ్యెను. 1953 మొదలు స్త్రీల పేరులును, 1979 మొదలు పురుషుల పేరులును వాడుకలోనికి వచ్చెను. 2005లో పెట్టుటకు పేరులు చాలక గ్రీకు అక్షరములను ఆశ్రయింపవలసివచ్చెను. మన సముద్రములలో ఈ వాడుక 2004లో మొదలిడినది. పేరు పెట్టుట వేడుకకొఱకు కాదు. హెచ్చరిక జనుల నోట నిలుచుటకును, పిమ్మట జ్ఞాపకము నిలుచుటకును. అయితే ఆ పేరునకు అర్హత నిర్ణయించు కొలత గాలివేగము మాత్రమే. సుడిలోని గాలి గంటకు సుమారు 62 కిలోమీటర్లు ముట్టినగాని పేరు పెట్టరు. వాన యెంత కురియునను ప్రశ్న ఆ కొలతలో లేదు. తీరవాసిని చంపునవి గాలియు ఉప్పెనయు గనుక అతని యాపదకు పేరు దొరకును. లోనాటివానిని ముంచునది వాన గనుక అతని యాపద పేరులేనిదై పోవును.

ఇది మన దేశపు లోపము మాత్రమే కాదు. 1969 ఆగస్టులో కమీల్ అను హరికేన్ అమెరికా దక్షిణతీరమున మిసిసిపీలో నేల దాటి, రెండు దినములు లోనికి నడచి, బలముడిగినదని అందఱును తలంచుచుండగా, వర్జీనియా కొండలలో ఒక్క రాత్రి కుంభవృష్టి కురిసి నిద్రించుచున్న నూఱుమందికి పైగా చంపెను. 2024 సెప్టెంబరులో హెలీన్ అను హరికేన్ ఫ్లోరిడాలో తీరము దాటెను. కాని దాని ఘోరమంతయు సముద్రమునకు వందలాది కిలోమీటర్ల దూరమునగల ఉత్తర కరోలినా కొండలలో, ఆష్‌విల్ ప్రాంతమున, జరిగెను. సముద్రము తమకు దూరమని అచ్చటివారును నిశ్చింతగా నుండిరి. ఉపగ్రహములు, గణకయంత్రములు, ధనము, అన్నియు గల దేశముననే ఇట్లు జరిగినచో, దూరమును నమ్ముకొనిన మన ధీమా ఏపాటిది?

మనము చేయవలసినదేమి? మొదటిది లెక్క వ్రాసికొనుట. కొలుచుట పాశ్చాత్యవిద్య యని కొందఱు పెదవి విఱుతురు. కౌటిల్యుడు కోష్ఠాగారమున మూరెడు వెడల్పుగల కుండమునుంచి వానను కొలువవలెనని విధించెను; ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన పడునో వివరించెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానను ఆఢకములలో కొలుచు విధానమును చెప్పెను. పూర్వులు కుండము పెట్టి కొలిచిరి. మనము కుండమును విడిచి, ఉగాదినాడు పంచాంగశ్రవణములో ఇన్ని భాగముల వాన సముద్రమునను, ఇన్ని భాగములు పర్వతములందును, ఇన్ని భాగములు భూమియందును కురియునని విని తృప్తిపడుచున్నాము. సంప్రదాయమునకు నిజమైన వారసుడు కొలుచువాడా, వినువాడా? నంద్యాలలో 1906 నుండియు వ్యవసాయ పరిశోధనాక్షేత్రము కలదు. మండలకేంద్రములలో వర్షమాపకములు కలవు. అచ్చటి అంకెలు కచేరీ పుస్తకములలో నిదురించుట చాలదు. వానినే మన బడిపిల్లలు గోడపై వ్రాయవలెను.

రెండవది ఆనవాలు నిలుపుట. కుందూ ఒడ్డు, వక్కిలేరు ఒడ్డు నానుకొనిన ప్రతి గ్రామమున, వరద ఎంతవఱకు వచ్చెనో అంతవఱకు ఒక రాతిపై గీటు గీచి సంవత్సరము చెక్కవలెను. ఆళ్ళగడ్డ శిల్పులు దేవతామూర్తులను మలచి దేశదేశములకు పంపుదురు. ఒక గీటును నాలుగంకెలను చెక్కుట వారికి ఒక పూట పని. బిడ్డకు ఇల్లు కట్టదలచిన తండ్రి ఆ రాతిని చూచి పునాది యెత్తు నిర్ణయించును. వాస్తుశాస్త్రమున ఈశాన్యమెటు, నైరృతియెటు అని వెదకు మనము, నీరెటు పాఱునని వెదకకుండుట వింతగాదా?

మూడవది, మిక్కిలి కష్టమైనది, నీటి దారిని నీటికి విడుచుట. వంకలు పూడ్చి ఇండ్లస్థలములుగా అమ్మువారును, చెఱువు శిఖమును చెక్కలు చేసి పంచుకొనువారును మన మధ్యనే కలరు, గౌరవముగనే తిరుగుచున్నారు. వరద వచ్చినప్పుడు వంక ఒడ్డున గుడిసె వేసికొనిన కూలివానిని, బుద్ధిలేక అచ్చట కాపురముండెనని నిందించుట మన చదువుకొనినవారికి సులభము. అతడు కోరి యుండలేదు. మంచినేల అతనికి మనము మిగుల్చలేదు. పోర్ట్ కానింగ్ కట్టినవారికి పిడింగ్టన్ లేఖ అందినది, వారు వినలేదు. వంకలోని కూలివానికి ఏ లేఖయు అందదు. అతనికి మెరక నేల నిచ్చుటయే మనము వ్రాయవలసిన లేఖ.

ఈ పనిలో గృహిణుల పాలు కొంచెము కాదు. ఏ యేట నీరు గడపవఱకు వచ్చెనో, ఏ యేట పొయ్యి మునిగెనో, గాదెలోని గింజ ఏ మెట్టువఱకు తడిసెనో స్త్రీలకు జ్ఞాపకముండినట్లు పురుషులకు ఉండదు. ఆ జ్ఞాపకమును చదువుకొనిన కోడలు, కూతురు ఒక పుస్తకమున తేదీతో వ్రాసియుంచినచో అదియే ఆ గ్రామపు వాతావరణ చరిత్ర. రెడ్‌ఫీల్డు చెట్లను చూచి వ్రాసికొనినది ఇంతకన్న గొప్ప పరికరములతో కాదు.

గాలివానల జ్ఞానము మొదట ఓడలను కాచినది. అటుపిమ్మట, 1977 నాటి పదివేల ప్రాణములు చెల్లించినగాని, అది తీరపు పల్లెలను కాచుట నేర్వలేదు. మూడవ మెట్టు లోనాటి లోయలు. ఈ మెట్టెక్కుటకు మఱియొక దివిసీమ కావలెనా, లేక జరిగినదానిని చదివి నేర్చుకొందుమా యనునదే మన ముందున్న ప్రశ్న. వాన రాకడ నేడు నాలుగైదు దినములు ముందుగనే తెలియవచ్చుచున్నది. కావున ప్రాణము పోకడ యెవరికెఱుక యని చేతులు ముడుచుకొని కూర్చుండు హక్కు మనకు లేదు.